రెండు ఊళ్ళకు ఒకే నంబరు

ఎనిమిది తీగలను రంగుల వరుసలో పేర్చి, గోటితో చదును చేసి, ఈరేష్ క్లిప్పులోకి దూర్చి నొక్కాడు. కేబుల్ తగిలించగానే రౌటర్ మీద పచ్చ దీపం వెలిగింది. ఆదోని జిన్నింగ్ మిల్లుకూ, ఎమ్మిగనూరులో ఆ మిల్లు పత్తి కొనే యార్డుకూ మధ్య ఇంటర్నెట్ టన్నెల్ కలిసింది.

"అయిపోయినట్టేనా అన్నా?" అంటూ యార్డు ఇన్‌చార్జి హేమ తూకం చీటీకి మీట నొక్కింది. చీటీ రాలేదు.

గేటు బయట కాటా దగ్గర ఏడు ట్రాక్టర్లున్నాయి. చేతిరాత చీటీలతో నిరుడు పత్తి రకాలు కలిసిపోయాయని యజమాని వాటిని మాన్పించాడు. ఇకపై చీటీ ఆదోని సర్వర్ నుంచే రావాలి. అది లేనిదే బండి షెడ్డులోకి పోదు. తూర్పున అదను తప్పిన మబ్బు పట్టింది.

ముందు ట్రాక్టరు కౌతాళం లక్ష్మప్పది. అతను కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, నువ్వు దీపం సూసి మురుస్తాండావు, నేను మబ్బు సూసి ఏడుస్తాండా. బండి మీద కప్పిన పట్టకు మూడు సిల్లులుండాయి. తడిసినాక ఈ పత్తి యాడ అమ్మాల?"

"రోంత సేపు పెద్దప్పా."

ఈరేష్ చదివింది పదో తరగతి. మోటార్లకు వైండింగ్ చేస్తూ, పాత రౌటర్లు విప్పి చూసి ఈ పని నేర్చాడు. టన్నెల్ అంటే ఏమిటని అడిగితే, తాళం వేసిన పెట్టెను లారీలో పంపడమంటాడు. ఇంటర్నెట్ అందరూ తిరిగే రోడ్డే. కానీ పెట్టె తాళంచెవి రెండు చివర్లలోని రౌటర్ల దగ్గరే ఉంటుంది. అందుకే రెండు ఊళ్ళ కంప్యూటర్లు ఒకే ఆఫీసులో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి.

ఆ తాళంచెవిని, అంటే రౌటర్లలో పెట్టిన రహస్య పదాన్ని, సరిచూశాడు. బాగానే ఉంది. చివరికి హేమ పక్కనున్న ప్రింటర్ నంబరు చూశాడు: 192.168.1.10. ఆదోని సర్వర్‌దీ అదే.

పన్నెండేళ్ళుగా ఏ ఆఫీసుకు లైను వేసినా అవే నంబర్లు ఇచ్చాడు. పుస్తకం తెరవకుండా గుర్తుంటాయని గర్వం. విడివిడిగా ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు. ఇప్పుడు ఇక్కడి కంప్యూటర్ ఆ నంబరును తన వీధిలోనే వెతుకుతోంది. టన్నెల్ దాకా పోవడమే లేదు.

"తప్పు నాదేనమ్మా. ఈడి నంబర్లన్నీ మార్చాల. అరగంట పడతాది."

రేకుల మీద తొలి చినుకు టప్పుమంది.

రౌటర్, రెండు కంప్యూటర్లు, ప్రింటర్, కాటా పెట్టె. ఒక్కొక్కదానికీ రెండో చుక్క తర్వాతి ఒకటి తీసి రెండు పెట్టాడు. తొందరలో కాటాకు పాతదే కొట్టి, చెరిపి మళ్ళీ కొట్టాడు. ఆదోని రౌటర్‌కూ ఈ మార్పు తెలియాలి. అక్కడి క్లర్కు ఉమాదేవికి ఫోన్ చేశాడు.

"అక్కా, రౌటర్ పేజీ తెరిచి, ఎమ్మిగనూరు అని ఉండే గడిలో రెండో సుక్క తర్వాత అంకె సూడు. ఒకటి తీసి రెండు కొట్టు."

"నంబర్ల జోలికి పోవద్దని నువ్వే అంటివి కదప్పా?"

"అంటి. ఇప్పుడు కొట్టక్కా, పుణ్యముంటాది!"

"కొట్టినా."

హేమ మీట నొక్కింది. ప్రింటర్ గరగరమని చీటీని బయటికి తోసింది.

"నీ నంబర్లు పాడుగాను," అంటూ లక్ష్మప్ప చీటీ లాక్కుని వానలో పరుగెత్తాడు. బండిని షెడ్డులోకి తోలి పట్ట తీసి చూస్తే చిల్లుల కింద మూడు చోట్లే తడి. ఆ పత్తిని గంపలోకి తీసి పక్కన పెట్టాడు.

ఏడో ట్రాక్టరు లోపలికి వచ్చేదాకా ఈరేష్ కదల్లేదు. తర్వాత కొత్త నంబర్లన్నీ కాగితం మీద రాసి రౌటర్ పెట్టె తలుపు లోపల అంటించాడు. హేమ చేత ఒక్కొక్కటీ చదివించి, పెట్టె తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.