అడ్జస్ట్ చేసుకో వదినా

ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా చిక్కబళ్ళాపురం వైపు తెలుగువాళ్ళం కన్నడంలోంచి ఎన్నో మంచి మాటలు తెచ్చుకున్నాం. దీన్ని మాత్రం అక్కడే వదిలేసి ఉండాల్సింది. 'స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్ళి!' కాస్త సర్దుకోండి అని, బస్సులో ముగ్గురు కూర్చున్న సీట్లోకి నాలుగో మనిషి దూరుతూ అంటాడు. పెళ్ళైన కొత్తలో, నీళ్ళు రాని వంటింట్లో నిలబెట్టి మా అత్త అన్నది. అన్నిటికీ సర్దుకున్నాను. నా ఆవు దగ్గర మాత్రం నావల్ల కాలేదు.

మా అమ్మ ఇచ్చిన ఆవుకు పుట్టిన పెయ్య అది. నా చేతుల్లో పెరిగింది. తొలిచూలు. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి, దూడ కాలు ఒకటే బయటికొచ్చి ఆగిపోయింది. మా ఊరు మండికల్‌లో పశువుల డాక్టరు చెయ్యి పెట్టి చూశాడు.

"తల ఎనక్కి తిరుక్కోనుండాదమ్మా. ఈడ నా చేత కాదు. దూడకు ఇంకా ప్రాణముండాది, బిరీన చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి తీసుకుపోండి."

నా మొగుడు టమాటాల లారీలో చింతామణి మార్కెట్టుకు వెళ్ళాడు. ఇంట్లో మిగిలింది పికప్పు, నేను, మా మరిది. పికప్పు నేనే నడుపుతాను. ఆవును మెల్లగా రెండు చక్రాల ట్రాలీలోకి ఎక్కించి నేను గడ్డి పరుస్తుంటే, ట్రాలీని బండికి తగిలించే పని మరిది చూశాడు. అదేం బ్రహ్మవిద్య కాదు. బండి వెనక కొక్కేనికి ట్రాలీ మూతి ఆనించి, రెంటినీ కలుపుతూ పైనుంచి ఇనుప పిన్ను దింపాలి. అది ఎగిరిపోకుండా దాని కింది బెజ్జంలో చిన్న క్లిప్పు పెట్టాలి. అంతే.

"క్లిప్పు పెట్టినావా అప్పా?" అన్నాను.

"అది యాడ పోయిందో కనబళ్ళేదు. బైండింగ్ వైరు చుట్టినా. ఏమీ కాదులే, అడ్జస్ట్ చేసుకో వదినా."

దూడ కాలు కళ్ళెదుట కనబడుతుంటే వాదన ఎవరు పెట్టుకుంటారు? ఎక్కి బండి తీశాను.

ఊరు దాటి రోడ్డు మీద ఒక హంపు ఎక్కి దిగానో లేదో, వెనక ఠక్కుమంది. అద్దంలో చూస్తే ట్రాలీ నా వెనక రావడం మానేసి పక్కకు పోతోంది. బ్రేకు నొక్కీ నొక్కనట్టు నొక్కి ఆపాను. దిగి చూస్తే వైరు తెగిపోయి ఉంది. పిన్ను పైకెగిరి, కొసన ఏదో కాస్త పట్టుకుని నిలబడింది. ఇంకొక్క కుదుపుకు ఆవు, ట్రాలీ పక్కనున్న గుంతలో ఉండేవి.

"నీ బుద్ధి గాల! దీనికి వైరు చుడతావా? లోపలుండేది టమాటాలనుకుంటివా?"

"అరవద్దు వదినా, అందరూ చూస్తాండారు. ఇంకో నాలుగు చుట్లు ఏస్తా."

ట్రాలీ అడ్డంగా గుంజుకుపోయి బెజ్జాలు కలవడం లేదు. రాయి పెట్టి కొట్టినా పిన్ను దిగలేదు. పోయే పాలబండిని ఆపి, అందులోవాళ్ళను బతిమాలి, అందరం కలిసి ట్రాలీని జరిపేసరికి ఎండ నెత్తికెక్కింది. లోపల ఆవు మూలుగుతూనే ఉంది. అప్పుడు వైరు మెలిపెట్టడానికి మరిది జేబులోంచి తన బైకు తాళాలు తీశాడు.

తాళాలకు రింగు బదులు మా క్లిప్పు వేలాడుతోంది.

నేను చూశాను. నేను చూడటం వాడూ చూశాడు.

"స్టైల్‌గా ఉండాదని తగిలించుకొంటి వదినా... మర్సేపోయినా."

ఇక నా నోరు ఆగలేదు. వాణ్ణీ, వాడి స్టైలునూ, వాణ్ణి అలా పెంచిన మా అత్తనూ కలిపి కడిగేశాను. పాలబండివాళ్ళు చెవులు మూసుకున్నారేమో కూడా చూడలేదు. క్లిప్పు పెరికి, తాళాలు ముళ్ళకంపల్లోకి విసిరేశాను. క్లిప్పు బెజ్జంలో టక్కున కూర్చుంది. పొద్దున చేయాల్సిన పని, రెప్పపాటులో అయిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చెయ్యి పెట్టి తల సరిచేసి దూడను లాగింది. పెయ్యదూడ. నల్లగా ఉంది, నుదుట తెల్లమచ్చ. ముక్కులో గడ్డిపరక పెట్టారు, రొమ్ము రుద్దారు. ఊపిరి లేదు.

"ఇంకొంచెం ముందు తెచ్చుంటే దక్కేదమ్మా," అన్నది.

ఆవు వెనక్కి తిరిగి దూడను నాకడం మొదలుపెట్టింది. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. మరిది వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఆవన్నా దక్కింది గదా. పోనీలే, అడ్జస్ట్ చేసుకో వదినా."

నా ఏడుపు ఆగిపోయింది.

సాయంత్రం ఆవును మళ్ళీ ట్రాలీ ఎక్కించాం. అది దూడ కోసం వెనక్కి తిరిగి తిరిగి అరుస్తోంది. పిన్ను చూసుకున్నాను, క్లిప్పు చూసుకున్నాను. మరిది నా పక్క సీటు తలుపు మీద చెయ్యి వేస్తే లోపలినుంచి లాకు నొక్కాను.

"ఈడ కాదు. పొయ్యి ట్రాలీలో ఆవు పక్కన కూచో."

"ట్రాలీలోనా? అంతా పేడ, నెత్తురు. యాడ కూచునేది వదినా?"

"అడ్జస్ట్ చేసుకో," అన్నాను.

మండికల్ వచ్చేదాకా ఆవు వాడి చెవి దగ్గరే అరిచింది.