అద్దం వెయ్యని పటం

మా బాబాయి ఫోటోలకు పటాలు కట్టేవాడు. వీధిలో అందరికీ ఆయన పటాలాయన. నలభై ఏళ్లుగా ఊరందరి పెళ్లిళ్లూ పిల్లలూ ఆయన చేతిమీదుగానే గోడలెక్కారు. పోయిన మా పిన్నికి మాత్రం పటం లేదు. కెమెరా కనబడితే చాలు, ఆవిడ మొహం చాటేసేది. ఉన్నది ఒక్కటే ఫోటో, కుర్చీ మీద చెయ్యి ఆనించి నిలబడినది. అదీ బాబాయి చొక్కా జేబులో చివికిపోతోంది.

"ఇవాళా రేపూ అంటూ ఎన్నాళ్లు బాబాయ్? జేబులోనే పొడైపోతుంది" అని సతాయించింది నేనే. నా నోరు ఊరుకుంటే కదా.

ఆ ఏడే మా ఇంటి ముందుగదిలో ఉన్న ఆయన కొట్టుకు ఎదురుగా అద్దాల మేడ లేచింది. విల్లులా లోపలికి వంగిన మేడ. మధ్యాహ్నం దానిమీద పడ్డ ఎండ తిరిగొచ్చి మా అరుగుమీద పడేది. కళ్లు మండుతున్నాయని అందరూ తిట్టుకుంటుంటే బాబాయి మురిసిపోయాడు. అట్టకు ఫోటో అతికిస్తే ఆరడానికి ఒక పూట పట్టేది, ఇప్పుడు అరగంట.

"పుణ్యాత్ములు, ఊరికే ఎండ పంపిస్తున్నారే" అనేవాడు.

రోజులు గడిచేకొద్దీ సూర్యుడు జరుగుతాడనీ, ఆ వేడంతా ఒక్కచోటికి చేరుతుందనీ మాకెవరు చెప్పారు?

ఆ రోజు పిన్ని ఫోటో అట్టకు అతికించాడు. ఎండకు మొహం వెలిసిపోతుందని, మెత్తటి గుడ్డ పరిచి అరుగుమీద బోర్లా పెట్టాడు. ఇద్దరం లోపల భోజనానికి కూర్చున్నాం. చెయ్యి కడుక్కుంటుంటే కాలిన వాసన వచ్చింది.

అట్ట వెనకనుంచి కాలి, సరిగ్గా మొహం ఉన్నచోట చిల్లి పడింది. బాబాయి వేళ్లతో నుసి కెలుకుతూ, "ముక్కేమైనా దొరుకుతుందేమో చూడవే" అన్నాడు. మోకాళ్లమీద కూర్చుని వెతికాను. ఏముంది, బూడిద.

"నేనే తొందరపెట్టాను బాబాయ్."

"నువ్వేం చేశావే, ఎండలో పెట్టింది నేను" అన్నాడు. వేళ్లకంటిన నుసి చూసుకుంటూ, "దాన్ని తలుచుకుంటే ఆ ఫోటోయే గుర్తొస్తుందే. మనిషి ఎప్పుడో చెరిగిపోయింది. ఇక దేన్ని చూసి గుర్తుచేసుకోను?" అన్నాడు.



కుర్చీ మీది చెయ్యి మిగిలింది. దానికే మంచి టేకు చట్రం కట్టాడు. నేను అద్దం తెచ్చిస్తే పక్కన పెట్టేశాడు. ఆయన అద్దం వెయ్యని పటం అదొక్కటే. పొద్దున్నే దుమ్ము తుడిచే వంకతో ఆ చేతిమీద చెయ్యి వేస్తాడు. నేను చూడనట్టు లోపలికి వెళ్లిపోతాను.