జర్మన్ స్ట్రైకర్ ఆట మానేసిన వారం

ఇవాళ ఆఫీసు క్యాంటీన్ టీవీలో ఒకప్పటి జర్మన్ స్ట్రైకర్ కనిపించాడు. జుట్టంతా నెరిసింది. కొండాపూర్ మిత్రులారా, మా పక్కింటి యాదగిరి మామ గుర్తున్నాడా?

జీడిమెట్లలో పనిచేస్తూ ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టుకు ఆడేవాడు. ఆ జర్మన్ గాల్లోకి లేచి తలతో గోల్ కొట్టినప్పుడల్లా, డాబా మీద యాంటెన్నా తిప్పుతున్న నన్ను కేకేసి పిలిచి రీప్లే చూపించేవాడు. ఆ గదినిండా మామ మోకాలికి రాసుకున్న నొప్పుల మందు వాసన.

తొంభైల చివర్లో ఆ జర్మన్ ఆట మానేశాడని పేపర్లో వచ్చింది. అదే వారం డాక్టరు మామనూ ఇక ఆడొద్దన్నాడు. ఆ సాయంత్రం గుట్ట పక్క మైదానంలో మామ తన బూట్లు విప్పి నా ముందు పెట్టాడు.

"ఆడపిల్లని, నాకెందుకు మామా?" అన్నాను.

"కొట్టేది ఆడపిల్లని బంతికేం ఎరుక? జర గుడ్డలు కుక్కి తొడుక్కో."

తొడుక్కున్నాను. మామ విసిరిన బంతిని ఎగిరి నుదుటితో కొట్టాను. గోల్ అనుకుని పెట్టుకున్న రెండు రాళ్ల మధ్యనుంచి దూసుకుపోయింది. మామ చప్పట్లు కొట్టలేదు. వట్టికాళ్లతో కుంటుకుంటూ వెళ్లి బంతి తెచ్చి, కళ్లు తుడుచుకుని, "ఇంకోటి కొట్టు బిడ్డా" అన్నాడు.