ట్రెవర్ ఆక్స్‌లీకి నచ్చని బ్యాండ్లు

ట్రెవర్ ఆక్స్‌లీకి ప్రపంచం మొత్తంలో నచ్చిన బ్యాండు ఒక్కటే. అది అతని సొంత బ్యాండు. అదీ వారంలో నాలుగు రోజులే నచ్చేది. మిగతా బ్యాండ్లన్నీ అతని లెక్కలో రెండు రకాలు: తన దగ్గర దొంగిలించినవి, దొంగిలించడానికి పొంచి ఉన్నవి. ఇంతవరకూ అయితే విశేషమేమీ లేదు, అలాంటి గిటారు వాద్యగాళ్ళు షెఫీల్డులో వీధికి ఇద్దరుండేవారు. ట్రెవర్ ప్రత్యేకత వేరు. అతను ఏ బ్యాండును నోరారా తిట్టాడో, ఏడాది తిరిగేసరికి అచ్చం ఆ బ్యాండులాగే వాయిస్తూ కనిపించేవాడు. పైగా ఆ పద్ధతి కనిపెట్టింది తనేననేవాడు.

ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు గోర్డన్ పెల్. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చుని ఒకే మాస్టారి చేత దెబ్బలు తిన్నవాళ్ళు. గోర్డన్ వారమంతా కత్తులు సానపట్టే కార్ఖానాలో పనిచేసి, శని ఆదివారాలు ట్రెవర్ వెనక కూర్చుని డ్రమ్ములు వాయించేవాడు.

ఊళ్ళో ఏ బ్యాండు కచేరీ చేసినా ట్రెవర్ తప్పకుండా వెళ్ళేవాడు. తలుపు పక్కనే, కోటు విప్పకుండా, చేతులు కట్టుకుని నిలబడేవాడు. పక్కన గోర్డన్ ఉండి తీరాలి.

"విన్నావా?"

"ఏంటి?"

"ఆ మధ్యలో గిటారు ముక్క. మనదే."

"మనమెప్పుడు వాయించాంరా అలాంటిది?"

"ఇంకా వాయించలేదు. వాయిద్దామనుకుంటున్నా. ఎవడో వీళ్ళకి మోసేశాడు."

ఆ మోసినవాడెవడో తేల్చడానికి బేస్ గిటారు వాయించే డెనిస్ మీద మూడు వారాలు నిఘా పెట్టాడు. డెనిస్ కట్టుకున్న పెళ్ళాంతోనే రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి. అతని దగ్గర ఏమీ దొరకకపోయేసరికి, వాళ్ళు సాధన చేసుకునే చర్చి వెనక హాలు కిటికీలన్నిటికీ ట్రెవర్ దుప్పట్లు కట్టించాడు. పక్కింటి ముసలావిడ వచ్చి, "చాలా మేలు చేశావు నాయనా, ఇప్పుడు కాస్త తక్కువగా వినిపిస్తోంది" అంది.

"అంటే ఇన్నాళ్ళూ వింటోందన్నమాట" అని ట్రెవర్ ఆవిడను కూడా అనుమానితుల్లో కలిపేశాడు.

పంతొమ్మిది వందల డెబ్భై రెండులో వాళ్ళ బ్యాండు పేరు 'ఫర్నేస్', అంటే కొలిమి. పేరుకు తగ్గట్టే మోత, పేరును మించిన వేగం. కార్మికుల క్లబ్బులో వీళ్ళు వాయిస్తుంటే బింగో బంతులు పెట్టెలో వాటంతటవే ఎగిరేవి. అప్పుడే పొడుగు గౌన్లు తొడుక్కుని అరగంటకో పాట పాడే నిదానపు బ్యాండ్లు బయల్దేరాయి. ట్రెవర్ మండిపడ్డాడు.

"వీళ్ళ పాట మొదలయ్యేలోపు టీ కాచుకుని, తాగి, కప్పు కడిగి బోర్లించొచ్చు" అన్నాడు.

ఆ ఏడాది చలికాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం క్లబ్బులో వాయిస్తుండగా గోర్డన్ చేతిలోని కర్ర జారి ఎగిరి, క్లబ్బు కార్యదర్శి మిస్టర్ బ్లాంత్ ముందున్న మాంసం కూరిన రొట్టెలో నిలువునా గుచ్చుకుంది. జనం ఈలలు వేశారు. అది కావాలనే విసిరానన్నట్టు గోర్డన్ నవ్వేశాడు. నిజానికి ఏళ్ళ తరబడి సాన చక్రం అదురుకు అతని కుడిచేతి వేళ్ళు పాలిపోయి మొద్దుబారుతున్నాయి. వేగం పెరిగితే కర్ర చేతిలో ఉందో లేదో కూడా తెలిసేది కాదు. ఈ సంగతి భార్య షీలాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్తే ట్రెవర్ మర్నాటికల్లా ఇంకో డ్రమ్మరును తెచ్చుకుంటాడని అతని భయం.

రెండు వారాల తర్వాత సాధనకు వెళ్తే, ట్రెవర్ వ్యానుకు రంగు వేస్తున్నాడు. 'ఫర్నేస్' పోయి 'సిల్వర్ మెడో' వచ్చింది.

"ఇక నుంచి మనవి నిదానమైన పాటలు. పెద్ద పాటలు" అన్నాడు ట్రెవర్.

"మొన్నటిదాకా వాళ్ళని తిట్టావు కదరా?"

"వాళ్ళు నా ఆలోచన పట్టుకుని పాడు చేశారు, అందుకు తిట్టాను. అసలు వేగంగా వాయించేవాళ్ళు సంగీతగాళ్ళు కాదు, టైపిస్టులు."

గోర్డన్‌కు లోపల ప్రాణం లేచొచ్చింది. పైకి మాత్రం గొణిగాడు.

మరుసటి ఏడాది తళుకుల బట్టల బ్యాండ్ల మీద పడ్డాడు. "దుకాణంలో బొమ్మలకి కూడా వీళ్ళకన్నా సిగ్గుంది" అన్నాడు. అన్నవాడే ఏడాదికల్లా వెండి బూట్లు వేసుకొచ్చాడు. అవి రెండు సైజులు చిన్నవి. మూడో పాటకల్లా కుంటేవాడు. ఈసారి కొత్త సిద్ధాంతం, లయ కొట్టాల్సింది జనం చప్పట్లతోనట, డ్రమ్మరు కాలితో దన్నిస్తే చాలట.

"మిస్టర్ ఆక్స్‌లీ, ఈ నెల మీ పేరేంటో చెబితే పోస్టరు రాసుకుంటాను" అనేవాడు మిస్టర్ బ్లాంత్, కుంచె పట్టుకుని.

"ఎందుకడుగుతున్నారు? ఎవరైనా అడగమన్నారా?" అనేవాడు ట్రెవర్.

ఇలా నడుస్తుండగా డెబ్భై ఏడు వచ్చింది. చిరిగిన చొక్కాలకు పిన్నీసులు గుచ్చుకున్న కుర్రకారు ఊరంతా కమ్ముకున్నారు. వాళ్ళ వేగం ముందు పాత ఫర్నేస్ వేగం జోలపాట. ట్రెవర్ జన్మలో ఎవరినీ తిట్టనంతగా వాళ్ళను తిట్టాడు.

"రెండు నిమిషాల్లో అయిపోయేదాన్ని పాట అనరు, తుమ్ము అంటారు" అన్నాడు.

వింటున్న అందరూ నవ్వారు, గోర్డన్ ఒక్కడికే చెమటలు పట్టాయి. ట్రెవర్ తిట్టాడంటే ఏడాదిలో అదే వాయిస్తాడు. ఆ వేగానికి తన చెయ్యి పది దెబ్బలు కూడా ఆగదు. వంటింటి క్యాలెండరు ముందు నిలబడి నెలలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఒక్కసారైనా వాళ్ళని మెచ్చుకున్నాడా?" అనడిగింది షీలా.

"లేదే. రోజూ తిడుతూనే ఉన్నాడు."

"అయితే ఖాయమే" అని షీలా నిట్టూర్చింది.

మరుసటి మార్చిలో లండన్ నుంచి ఒక రికార్డు కంపెనీ మనిషి ఆదివారం మధ్యాహ్నం కచేరీకి వచ్చాడు. పాటలన్నీ శ్రద్ధగా విని, అయ్యాక ట్రెవర్‌ను నడవాలోకి పిలిచాడు. డెనిస్, గోర్డన్ లోపల తీగలు చుడుతున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించారు. కాసేపు గుసగుసలు. తర్వాత ట్రెవర్ గొంతు క్లబ్బంతా మోగింది.

"మీ బ్యాండ్లన్నీ దొంగలు. మీరు దొంగలకి గొడుగు పట్టేవాళ్ళు. తలుపు అటుంది."

కారు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. ఆ రోజు డెనిస్ ఒక్కసారే పదకొండు మాటలు మాట్లాడాడు. అందులో అచ్చువేయదగినవి రెండే: "వీడి నోరు."

గోర్డన్ కూడా వారం రోజులు ట్రెవర్‌తో మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళు గొడ్డులా వాయిస్తే ఇంటిదాకా వచ్చిన అవకాశాన్ని తిట్టి తరిమాడు కదా అని ఇంట్లో షీలా దగ్గర చిందులు తొక్కాడు.

ఆ మంటలో ఉండగానే మంగళవారం కార్ఖానా భోజన విరామంలో గోర్డన్ ఒక దృశ్యం చూశాడు. మార్కెట్టు దగ్గర టీ కొట్టులో, అద్దం వెనక ట్రెవర్ కూర్చున్నాడు. ఎదురుగా కెల్విన్ స్టబ్స్. పక్క ఊరు రోథరం వాడు, ఆ చుట్టుపక్కల అంత వేగంగా డ్రమ్ములు కొట్టేవాడు ఇంకొకడు లేడు. కెల్విన్ రెండు చెంచాలతో బల్ల మీద ఏదో కొట్టి చూపిస్తున్నాడు. ట్రెవర్ పుస్తకంలో రాసుకుంటున్నాడు. రాసుకోవడమే కాదు, తలాడిస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ట్రెవర్ ఇంకొకడి వాయిద్యానికి తలాడించడం గోర్డన్ చూడలేదు.

"అయిపోయింది, షీలా. నన్ను తీసేస్తున్నాడు" అన్నాడు ఇంటికెళ్ళి.

"అడగరాదూ మొహం మీదే?"

"అడిగితే అవునంటాడేమో."

పైగా ఆ వారం సాధన లేదని ట్రెవర్ కబురు పెట్టాడు. ఆ పై వారమూ అంతే. మూడో శనివారం పట్టపగలు గోర్డన్ ఇక ఆగలేక చర్చి వెనక హాలుకు వెళ్ళాడు. లోపల డ్రమ్ములు మోగుతున్నాయి. అతని డ్రమ్ములే. తలుపు తన్నబోయాడు. కానీ రెండు నిమిషాలు వినేసరికి అనుమానం వచ్చింది. కెల్విన్ స్టబ్స్ ఇంత ఘోరంగా వాయిస్తాడా? మెట్ల మీద నుంచి బకెట్లు దొర్లుతున్నట్టుంది.

తలుపు కాస్త తోసి చూశాడు. డ్రమ్ముల వెనక కూర్చున్నది ట్రెవర్. కుడిచేతిని ఉన్ని మఫ్లరుతో ఛాతీకి బిగించి కట్టేసుకున్నాడు. ఎడమచేత్తో కొడుతూ, నాలుక బయటపెట్టి, చెమటలో తడిసి ముద్దయ్యాడు. కెల్విన్ పక్కన టీ కప్పు పట్టుకుని నిలబడ్డాడు.

"కాలు మర్చిపోయారు మళ్ళీ" అన్నాడు కెల్విన్.

"మర్చిపోలేదు. అది కావాలనే వదిలాను" అన్నాడు ట్రెవర్.

గోర్డన్ చప్పుడు కాకుండా బయటికొచ్చి గోడ మీద కూర్చున్నాడు. సిగరెట్టుకని బయటికొచ్చిన కెల్విన్ అతన్ని చూసి కంగారుపడ్డాడు.

"మీరు రాకూడదే. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"ఏం జరుగుతోంది బాబూ అక్కడ?"

కెల్విన్ కాసేపు నసిగి చెప్పేశాడు. "ఆ లండన్ ఆయన నన్ను పంపాడండీ. పాటలు బాగున్నాయి, డ్రమ్మరును మార్చండి అని మీ ట్రెవర్‌తో చెప్పాట్ట. దానికే ఆ తిట్లు. ఆయన పట్టు వదలక నన్ను పురమాయించాడు, వెళ్ళి అడుగు, నిన్ను చూస్తే మనసు మార్చుకుంటాడేమో అని. వెళ్ళాను. ఒక్క పాట వాయించి చూపిస్తే నన్ను టైపిస్టు అన్నాడు."

"తర్వాత?"

"తర్వాత టీ ఇప్పించి, నీకు చెయ్యి విరిగినప్పుడు ఆర్నెల్లు ఒంటిచేత్తో ఎలా లాక్కొచ్చావు, నాకు నేర్పు అన్నాడు. పాటలన్నీ ఒంటిచేతికి సరిపోయేలా మళ్ళీ కడుతున్నాడు. ఒక్కోటి తను వాయించగలిగితేనే ఉంచుతున్నాడు. తనకే వచ్చిందంటే మీకు నిద్రలో కూడా వస్తుందట."

"నా చెయ్యి సంగతి వాడికెలా తెలుసు?"

"అయిదేళ్ళుగా తెలుసంట. మీరు చెప్పలేదు కాబట్టి ఆయనా అడగలేదంట."

గోర్డన్ చాలాసేపు ఆ గోడ మీదే ఉండిపోయాడు. ఆ నిదానపు పాటలు, ఆ జనం చప్పట్లు, ఆ కాళ్ళు కొరికే వెండి బూట్లు ఒక్కొక్కటే కళ్ళ ముందు కదిలాయి. ఊళ్ళో బ్యాండ్లన్నిటినీ అయిదేళ్ళు ఆడిపోసుకున్నాడు మనిషి, ఒక్క మాట తన ముందు అనకుండా ఉండటానికి.

మర్నాడు సాధనలో ట్రెవర్ గొంతు సవరించుకున్నాడు. "రెండు చేతులతో డ్రమ్ములు కొట్టేవాళ్ళని నమ్మకూడదు."

"ఎందుకురా?" అన్నాడు గోర్డన్.

"ఒక చేత్తో అయ్యే పనికి రెండు పెడుతున్నారంటే ఏదో దాస్తున్నట్టు. మనం ఇక ఖాళీలు వదిలి వాయిస్తాం. ఇది నేను కనిపెట్టింది."

"సరే" అని గోర్డన్ వంగి, బిగించే ఉన్న మరను మళ్ళీ చాలాసేపు బిగించాడు. తలెత్తాక ఎడమచేత్తో కర్ర తీసుకున్నాడు.

ఆ ఖాళీల సంగీతం చిత్రంగా జనానికి పట్టింది. లండన్ నుంచి ఎవరూ రాలేదు గానీ ఆదివారం మధ్యాహ్నాలు క్లబ్బులో కుర్చీలు చాలేవి కావు. రెండేళ్ళకు లీడ్స్‌లో ఒక బ్యాండు అచ్చం అలాగే వాయించడం మొదలుపెట్టింది. ఇద్దరూ వెళ్ళి తలుపు పక్కన నిలబడి విన్నారు.

"మనదే" అన్నాడు ట్రెవర్.

"అవునురా, ఇది నిజంగా మనదే" అన్నాడు గోర్డన్.

ట్రెవర్ జన్మలో మొదటిసారి నిజం చెప్పాడు, మొదటిసారి ఒకడు ఒప్పుకున్నాడు. దాంతో రెండు రోజులు నిద్రపట్టక, వీడు ఎందుకు ఒప్పుకున్నాడా అని గోర్డన్ మీద నిఘా పెట్టాడు.

ఎనభై నాలుగు వేసవిలో ఒక ఆదివారం క్లబ్బులో ట్రెవర్ గొంతు పైస్థాయిలో చిట్లింది. రెండో పాటలోనూ అంతే. మైకు పాడైందన్నాడు. మిస్టర్ బ్లాంత్ మైకు మార్చాడు. మూడో పాటలో కొత్త మైకు కూడా పాడైంది.

 ఇంటికొస్తూ వ్యానులో గోర్డన్ కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"ఈ మధ్య గొంతు చించుకుని పైకి పాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట."

"ఎవర్నంటున్నావు?" అన్నాడు ట్రెవర్.

"అందర్నీ. లీడ్స్ వాళ్ళని, మాంచెస్టర్ వాళ్ళని. అది పాడటమా, ఆవిరి కేటిల్ కూత. కిందిస్థాయిలో నిండుగా పాడటం ఒక్కడికీ చేతకావట్లేదు."

ట్రెవర్ రెండు కూడళ్ళు దాటించాడు. అద్దంలోంచి గోర్డన్‌ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"నేను చాన్నాళ్ళుగా సరిగ్గా అదే అనుకుంటున్నా" అన్నాడు. "నీకెవడు మోశాడు?"