అవ్వ ఒడిల పార్సిలు

నల్లగొండల నా మోటర్‌సైకిల్ మీద పార్సిళ్లు ఇచ్చుకుంట బతుకుతున్న. కంపెనీ లెక్కల నేను నౌకరోణ్ణి కాదు, సొంత వ్యాపారం చేసేటోణ్ణట. గందుకే ఇన్‌కంట్యాక్స్ కాయితాలు నేనే నింపాలె.

పోయిన ఎండకాలం గవి నింపే సారు దగ్గరికి పోయిన. పెట్రోలు ఖర్చు ఆమ్దానిల నుంచి తీసేయొచ్చు గని, పని మీద తిరిగిందే లెక్క, ఇంటికోసం తిరిగింది కాదన్నడు. నాకు కోపమొచ్చింది.

"ఉన్నది ఒక్కటే బండి సారూ! మర్రిగూడ ఫ్లోరైడు నీళ్లు తాగి మోకాళ్లు సరిగ వంగని మా అవ్వను వారం వారం దవాఖానకు తీసుకపోత. తొవ్వల రెండు పార్సిళ్లు ఇస్త. గది పనా, ఇంటిదా?"

"సగం సగం రాయి" అన్నడు సారు.

ఇంటికొచ్చి నోటుబుక్కుల దవాఖానకు పోయిన రోజులన్నీ సగం సగం రాస్తుంటె, ఏం రాస్తున్నవని అవ్వ అడిగింది. చెప్పిన.

"తొవ్వంత గా డబ్బాలు ఒడిల పట్టుకొని కూసున్నది నేనే గదరా," అన్నది అవ్వ. "మరి నా కూలి ఏడ రాసినవు?"