కొత్త నీటికి ఎదురెక్కిన వాలుగలు

నర్సీపట్నం చేపల బజారులో గుడ్ల చేప కనబడితే జనం ఎగబడతారు. కడుపుతో ఉన్నదాన్ని కూర వండుకు తిని, మరుసటేడు ఏట్లో చేపలే లేవని తిట్టుకునేదీ ఆ జనమే. తిని తిని వాలుగల వంశాన్ని చివరికి తెచ్చేశారు. ఆనకట్ట కింది మడుగులో ఏవో కొన్ని మిగిలాయి. ఈ ఏడన్నా అవి గుడ్లు పెట్టకపోతే ఆ ఏట్లో ఇక వాలుగ ఉండదు.

ఆ బెంగ పట్టుకున్నది దేవుళ్లుకి. ఏట్లో వల వేసి బతికే మనిషి. వాలుగ జోలికి పోనని అతను ఒట్టు పెట్టుకున్న రోజు, బజారులో చేపలమ్మే అతని భార్య మంగ గంప నేలకేసి కొట్టింది.

వాలుగ మడుగులో గుడ్లు పెట్టదు. తొలి వానలకు కొత్త నీరు రాగానే ఎదురెక్కి, నీళ్లు నిలిచిన పొలాల్లో పెడుతుంది. సరిగ్గా అక్కడే రైతులు వెదురు బుట్టలు ఒడ్డి పట్టేస్తారు. దేవుళ్లు ఇంటింటికీ తిరిగి కాళ్లావేళ్లా పడ్డాడు.

"ఈ ఒక్క ఏడు బుట్టలెట్టకండి బాబూ. ఆటిని పొలంలోకి పోనీండి."

"సేపలకి పురుడు పోస్తావేటిరా?" అని నవ్వాడు సూరన్న. ఆనకట్టను ఆనుకున్న పొలం ఆయనదే. అయినా చివరికి మాటిచ్చాడు, పక్క రైతుల చేతా ఇప్పించాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చూసి చూసి రైతులు బోరు నీళ్లతోనే నాట్లు వేసుకున్నారు. ఆ తర్వాత ఎప్పటికో ఏరు పొంగింది. సూరన్న పొలం నిండింది. రాత్రికి రాత్రే దేవుళ్లు పార తీసుకుని, మడుగు వైపు గట్టుకి గండి కొట్టాడు. పొలం నీరు మడుగులోకి దూకింది. ఆ నీటికి ఎదురుగా వాలుగలు ఒకదాని వెనక ఒకటి ఎక్కిపోయాయి. దేవుళ్లు వానలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఒక్క బుట్ట కూడా ఎక్కడా లేదు.

తెల్లారేసరికి పొలం నిండా తెల్లటి పొట్టలు తేలి ఉన్నాయి.

సూరన్న పరుగున వచ్చాడు. చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నిన్ననే గుళికలు సల్లించానురా... వరికి పురుగు తగిలిందని."

దేవుళ్లు ఎరిగిన కొత్త నీరు ఎప్పుడూ నాట్లకు ముందే వచ్చేది, ఖాళీ పొలాల్లోకి వచ్చేది. మందు సంగతి అతని బుర్రకే తట్టలేదు.

"ఒక్క మాట సెప్పుంటే మందు ఆపేసేవోణ్ని కదరా" అన్నాడు సూరన్న. నిజంగానే ఆపేవాడు.

విషం తిన్న చేపలు ఎవరి కూరలోనూ పడకూడదని ఇద్దరూ వాటిని ఏరి గట్టు మీద వేశారు. ఎత్తినప్పుడల్లా గుడ్లు జారి దేవుళ్లు చేతులకంటుకుంటున్నాయి. సద్ది తెచ్చిన మంగ ఆ కుప్ప చూసి నిలబడిపోయింది.

"మడుగులో ఏటైనా మిగిల్నాయా మావా?"

"నేదే. నానే గండి కొట్టి అన్నిట్నీ ఎక్కించీసినాను."

మంగ సద్ది గట్టున పెట్టి, చీర చెంగు బిగించి, గొయ్యి తవ్వడానికి పార అందుకుంది.