పద్నాలుగు గంటల మజిలీ

థూ! విమానం పేరెత్తితే ఇప్పటికీ నా నోట్లో చేదు ఊరుతుంది. నేను ఇంతవరకూ విమానం ఎక్కలేదు. భివండీలో రాజమౌళి సేటు కార్ఖానాలో మెహతాగా, అంటే గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో, 2004లో రెండు టికెట్లు మాత్రం తీశాను. ఒకటి సేటుకు, ఒకటి ఓదెలుకు.

ఓదెలు మా జాబరు. సాంచా, అంటే మరమగ్గం, ఆగిపోతే విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించే మనిషి. సిరిసిల్ల పక్క పల్లె నుంచి పదహారేళ్లప్పుడు భివండీలోని కనేరి పేటకు వచ్చి, ముప్పై ఏళ్లు మరమగ్గాల మోతలోనే నిలబడ్డాడు. ఆ మోతలో మాట వినబడి చావదు. ఎవరినైనా పిలవాలంటే నూలు అయిపోయిన ఖాళీ కండె ఒకటి తీసి వీపు మీద విసరడమే మా పద్ధతి. తిరిగి చూశాక పెదవుల కదలిక పట్టుకుని మాట తెలుసుకోవాలి. అందుకే ఓదెలు చెవులు పూర్తిగా పోయినా ఎవరూ కనిపెట్టలేదు. సాంచా మీద అరచెయ్యి ఆనించి దాని జబ్బేమిటో చెప్పేసేవాడు.

నాకు మాత్రం తెలుసు. రోజూ కలిసి చాయ్ తాగే మనిషి సంగతి తెలియకుండా ఎట్లా ఉంటుంది? అంతకు ముందేడాదే చెవుడొచ్చిందని గాలయ్య అనే జాబరును సేటు పనిలోంచి తీసేశాడు. "తమ్మీ, నీ బిడ్డ మీద ఒట్టు, సేటు చెవిల ఎయ్యకు. ఈ పని పోతే నేనేం జేసి బతకాలె?" అన్నాడు ఓదెలు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంటిది అంటుంది. ఆ ఒక్క గింజా నానింది.

ఆ ఏడు సేటు ఇరవై నాలుగు పాత సాంచాలను నైజీరియాలో కానో అనే ఊరికి అమ్మాడు. విప్పిన సాంచాలు ఓడలో ముందే వెళ్లిపోయాయి. అక్కడ వాటిని బిగించి నడిపించాలి. అది ఓదెలు తప్ప మరొకరు చెయ్యలేని పని. సేటు వెళ్లేది మెళ్లో దండ వేయించుకోవడానికి.

ఇక చూడండి ఆ మహానుభావుడి సోకు! టికెట్లమ్మే భూషణ్ దుకాణంలో మూడు రోజులు నన్ను కూర్చోబెట్టాడు. కాళ్లు చాపుకోవడానికి ఎదురుగా గోడ ఉన్న సీటే కావాలట. ఒంటేలుకు లేస్తే ఎవరి మోకాళ్లూ దాటకుండా పక్కనే నడవ ఉండాలట. రెక్క దగ్గర మాత్రం వద్దట, మోతట! దుబాయిలో దిగి, హోటల్లో రాత్రంతా పడుకుని, స్నానం చేసి పొద్దున మళ్లీ ఎక్కాలట. "గంత దూరం ఒక్కటే తీరు కూసుంటే నడుం పడ్తది," అన్నాడు. పట్టుమని పది నిమిషాలు సాంచా ముందు నిలబడని నడుము అది. ఛీ!

"మరి ఓదెలన్నకు?" అన్నాను.

"సస్తాల ఏది దొరికితే అది కొట్టు."

భూషణ్ వెతికి వెతికి ఒకటి తీశాడు. అడిస్ అబాబాలో పద్నాలుగు గంటలు ఆగాలి, లాగోస్‌లో తొమ్మిది. హోటల్ లేదు, కుర్చీలో కూర్చోవడమే.

ఆ సాయంత్రం ఓదెలు సేటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సేట్, నన్ను గూడ మీ ఇమానంలనే తోల్కపోండ్రి. ఎన్క ఏ మూలకన్న కూసుంట."

"ఏందిరా, నీకు గూడ షోకులు మొదలైనయా? ముప్పై ఏండ్లు నిలవడ్డోనివి, పద్నాలుగు గంటలు కుర్చీల కూసుంటే అరిగిపోతవా?"

ఓదెలు అడిగింది సుఖం కాదు. ఎక్కమని పిలిచినప్పుడు లేచే తెలిసిన మొహం ఒకటి ఎదురుగా ఉంటే, దాన్ని చూసి తనూ లేస్తాడు. అంతే. అది తను చెప్పుకోలేడు. నేను చెప్పొచ్చు. చెప్పలేదు. ఒట్టు అడ్డొచ్చిందని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఇన్నాళ్లూ దాచావేమని సేటు నన్నూ పొమ్మంటాడని భయం.

వెళ్లిన ఐదో రోజే ఓదెలు తిరిగొచ్చాడు. చాయ్ తాగుతూ చెప్పాడు.

"గేటు కాడనే కూసున్న తమ్మీ, రెప్ప గూడ ఎయ్యలే. గేటు మార్చిన్రంట. నా పేరు నాలుగు సార్లు పిలిచిన్రంట. గంత మందిల ఒక్కడన్న నా ఈపుల కండె ఎయ్యకపాయె," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తర్వాతి విమానం దాకా ఉండనివ్వక అడిస్ అబాబా వాళ్లు అక్కణ్ణుంచే వెనక్కి పంపేశారట.

వారానికి సేటు కూడా వచ్చాడు, ఎదురుగా గోడ ఉన్న అదే సీట్లో. కానోలో దండ లేదు, ఇనుప కుప్ప ముందు నిలబెట్టి తిట్టారట. నేనూ ఓదెలూ ఉన్న ఆఫీసులోకి వస్తూనే, మాకు వీపు పెట్టి కిటికీ వైపు తిరిగి అరిచాడు. "సాంచలు ఎవడు బిగియ్యాలెరా? నీ అయ్యనా?"

ఓదెలు పలకలేదు. వీపుకు పెదవులుండవు కదా.

సేటు వెనక్కి తిరిగి అతన్ని ఎగాదిగా చూశాడు. మళ్లీ కిటికీ వైపు తిరిగి, ఈసారి మెత్తగా, "ఓదెలూ, చాయ్ తాగుతవా?" అన్నాడు. ఓదెలు అతని వీపునే చూస్తూ నిలబడ్డాడు.

"చెవిటోనివా! చెవిటోన్నా నేను దేశాలు దాటిచ్చింది? రేపటి సంది రాకు, పో!" అని మొహం మీదే అరిచి, నా వైపు వంగాడు. "మెహతా, గీని సంగతి నీకెర్కేనా?"

"నాకు తెల్వది సేట్," అన్నాను.

నాకే సరిగా వినబడనంత మెల్లగా అన్నాను. ఓదెలు నా పెదవులనే చూస్తున్నాడు.